ఎదురుపడితేనే తేలేది

2024 జనవరి 9, మంగళవారం. చిలకలూరిపేటలో ఉదయం ఆరు గంటలు. భోగికి ఇంకా ఐదు రోజులుంది. ఎన్నార్టీ సెంటర్లో టీ కొట్లు తెరిచే వేళ, మిరప కోతలకు వెళ్ళే కూలీలు క్యారేజీలు పట్టుకుని ఆటోలు ఎక్కే వేళ. సరిగ్గా ఆ సమయానికి అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో సోమవారం సాయంత్రం ఆరున్నర. అక్కడి ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో 72,808 మంది కూర్చుని ఉన్నారు. దాదాపు రెండున్నర కోట్ల మంది టీవీల ముందున్నారు. వాళ్ళంతా చూస్తున్నది కాలేజీ పిల్లల ఆట.

ఒకవైపు మిషిగన్ విశ్వవిద్యాలయం, ఇంకోవైపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం. ఆ సీజన్‌లో మిషిగన్ పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి పద్నాలుగూ గెలిచింది. వాషింగ్టన్ కూడా అంతే. ఒక్క ఓటమి కూడా లేని రెండు జట్లు ఆఖరి మ్యాచ్‌లో ఎదురెదురుగా నిలబడ్డాయి. రాత్రి ముగిసేసరికి ఎవరో ఒకరి లెక్కలో మొదటి ఓటమి పడాలి.

ఆ రెండు ఊళ్ళూ, ఆట జరిగిన ఊరూ మనకు తెలియనివేం కావు. హ్యూస్టన్‌లోని ఆ స్టేడియంలోనే 2019 సెప్టెంబరు 22న ‘హౌడీ మోదీ’ సభ జరిగింది. మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న యాన్ ఆర్బర్ నుంచి గంటలోపు కారు ప్రయాణంలో నోవై పట్టణం ఉంది. 2025 జూలైలో అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా 24వ మహాసభలు జరిగింది అక్కడే. వాషింగ్టన్ అంటే ఇక్కడ దేశ రాజధాని కాదు, పసిఫిక్ తీరంలో ఉన్న రాష్ట్రం. ఆ విశ్వవిద్యాలయం సియాటిల్‌లో ఉంది. చెరువు లాంటి పెద్ద సరస్సు ఒడ్డున దాని హస్కీ స్టేడియం, అదే సరస్సు మీది వంతెన దాటి కొంత దూరం పోతే రెడ్‌మండ్, మైక్రోసాఫ్ట్ కార్యాలయం. ఆ వంతెన మీద రోజూ అటూ ఇటూ తిరిగే కార్లలో తెలుగువాళ్ళవి ఎన్నో. పల్నాడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళ నుంచి పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులకు ఈ పేర్లు ఫోన్లలో రోజూ వినపడేవే. ఆ పిల్లలు శనివారం వచ్చిందంటే ఎందుకంత ఊగిపోతారో మాత్రం ఇక్కడివాళ్ళకు అంతుపట్టదు.

మన ఫుట్‌బాల్ వేరు, వాళ్ళ ఫుట్‌బాల్ వేరు. వాళ్ళ బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ మొనదేలి, దోసకాయను సాగదీసినట్టు ఉంటుంది. కాలితో తన్నడం తక్కువ, చేతుల్లో పట్టుకుని పరుగెత్తడం, ముందుకు విసరడం ఎక్కువ. జట్టుకు పదకొండు మంది. మైదానం వంద గజాలు, రెండు చివర్లా ఇంకో పదేసి గజాల గడి. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు అవకాశాలు, జరగలేకపోతే బంతి ఎదుటివాళ్ళది. అవతలి చివరి గడిలోకి బంతిని చేరిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన బంతిని నిలువు కర్రల మధ్య నుంచి తంతే ఇంకొకటి. చివరిదాకా పోలేమనుకుంటే ఉన్నచోటి నుంచే కర్రల మధ్యకు తన్నవచ్చు, దానికి మూడు.

కబడ్డీ ఆడిన ఊళ్ళకు ఇది పట్టుబడడం కష్టం కాదు. కూతకు పోయినవాణ్ణి ఏడుగురు చుట్టుముట్టి మోకాళ్ళు పట్టి పడేసే పట్టు ఉంది చూశారూ, దాన్ని పదకొండు మందికి పెంచి, తలకు హెల్మెట్ పెట్టి, చేతికి బంతి ఇస్తే దాదాపు ఈ ఆటే. ఇందులో ఒక దృశ్యం మాత్రం మన బండలాగుడు పోటీలను గుర్తు చేస్తుంది. పది గజాలు నిండాయో లేదో సందేహం వస్తే, గట్టున ఉన్నవాళ్ళు రెండు కర్రలకు కట్టిన గొలుసు పట్టుకుని మైదానం మధ్యకు వస్తారు. నేల మీద పరిచి లాగి పట్టి కొలుస్తారు. వేల మంది ఊపిరి బిగబట్టి చూస్తారు. తిరునాళ్ళలో ఎడ్ల జత ఆగిన చోట టేపు పరిచి అడుగులూ అంగుళాలూ చదివేటప్పుడు జనం ఎలా మెడలు సాచి చూస్తారో అచ్చం అలాగే.

ఆ బండలాగుడుతోనే ఈ ఆటలోని అసలు పేచీ కూడా తేలిగ్గా అర్థమవుతుంది. ఒంగోలు జాతి ఎడ్లను పోషించే ఇళ్ళల్లో ఏటా వచ్చే వాదన ఒకటుంది. ఒక జత ఆ సంక్రాంతికి ఎక్కడికి పోయినా మొదటి బహుమతే. వేరే మండలం జత కూడా పోయిన చోటల్లా మొదటి బహుమతే. రెండూ ఒకే పోటీకి ఎప్పుడూ రాలేదు. మరి ఏది గొప్ప? ఒకచోట బండ బరువు వేరు, ఇంకోచోట నేల వేరు. ఒకరోజు ఎండ, ఒకరోజు తుంపర. అడుగుల లెక్కలు పక్కపక్కన పెట్టి ఎంతసేపు వాదించినా తేలదు. రెండు జతలూ ఒకే రోజున ఒకే బండకు కాడి కట్టాలి. అప్పుడే తేలుతుంది.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ వందేళ్ళకు పైగా సరిగ్గా ఈ వాదనలోనే బతికింది.

మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య జరిగింది. రట్గర్స్ 6–4తో గెలిచింది. తరవాత కొత్త కాలేజీలు, కొత్త జట్లు పుట్టుకొచ్చాయి. దేశం పెద్దది, జట్లు వందకు పైగా, ఒక్కో జట్టు ఏడాదికి ఆడేది పదీ పన్నెండు మ్యాచ్‌లు. ఒళ్ళు హూనమయ్యే ఆట కాబట్టి వారానికి ఒకటి మించి ఆడలేరు. అందుకని ఎవరి చుట్టుపక్కల వాళ్ళతో వాళ్ళు ఆడుకునేవారు. మొత్తం మీద ఎవరు మొదటివారో చెప్పేది మైదానం కాదు, ఓట్లు. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరుల ఓట్లతో వారం వారం జాబితా వేస్తోంది. తరవాత కోచ్‌ల ఓట్లతో ఇంకో జాబితా వచ్చింది. రెండు జాబితాలూ ఒకే పేరు చెబితే సరే. చెప్పకపోతే ఆ ఏడాదికి ఇద్దరు విజేతలు!

సీజన్ అయిపోయాక కొత్త సంవత్సరం రోజుల్లో కొన్ని పెద్ద మ్యాచ్‌లు జరుగుతాయి. వాటిని ‘బౌల్’ అంటారు. ఆ పేర్లు మన పత్తి, మిరప నేలల వాళ్ళు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. కాలిఫోర్నియాలో రోజ్ బౌల్, ఫ్లోరిడాలో ఆరెంజ్ బౌల్, చెరకు పండే లూయీజియానాలో షుగర్ బౌల్, పత్తికి పేరుపడ్డ టెక్సస్‌లో 1937 నుంచి కాటన్ బౌల్. ఎక్కడ ఏది పండితే ఆ పేరు పెట్టుకున్నారు. ఆపిల్ తోటల వాషింగ్టన్ రాష్ట్రంలో రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఏటా జరిగే మ్యాచ్ పేరు ఆపిల్ కప్. పంట పేరు ఆటకు పెట్టుకోవడంలో ఒక ఆత్మీయత ఉంది. ఎక్కడో ఊహలోంచి తెచ్చిన పేరు కాదది, కళ్ళెదురుగా చేలో కనిపించే పేరు.

ఈ పద్ధతిలో అందం ఉంది కానీ న్యాయం లేదు. ఏ బౌల్‌కు ఏ ప్రాంతం జట్లు పోవాలో ముందే ఒప్పందాలుండేవి. అందువల్ల దేశంలో ఓటమి లేని జట్లు రెండున్నా, ఒకటి పడమట ఆడితే ఇంకోటి తూర్పున ఆడి, ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవారు. హ్యూస్టన్‌లో తలపడ్డ రెండు జట్లకూ ఈ దెబ్బ గతంలో తగిలింది. కథ రక్తి కట్టేది ఇక్కడే.

1991 సీజన్‌లో వాషింగ్టన్ పన్నెండుకు పన్నెండు గెలిచింది. 1992 జనవరి 1న రోజ్ బౌల్‌లో 34–14తో చిత్తు చేసింది ఎవరిని? ఇదే మిషిగన్‌ని. అయితే అదే రోజు ఇంకో బౌల్‌లో మయామీ కూడా గెలిచి పన్నెండుకు పన్నెండు చేసింది. కోచ్‌లు వాషింగ్టన్‌కు ఓటేశారు, విలేకరులు మయామీకి వేశారు. టైటిల్ చెరిసగం.

ఆరేళ్ళకు 1997లో మిషిగన్ వంతు వచ్చింది. పన్నెండు మ్యాచ్‌లు ఆడి పన్నెండూ గెలిచింది. దాని జట్టులో చార్లెస్ వుడ్సన్ ఉన్నాడు. ప్రధానంగా బంతిని అడ్డుకునే స్థానంలో ఆడుతూ, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న మొదటివాడు అతనే. అయితే నెబ్రాస్కా కూడా పదమూడుకు పదమూడు గెలిచింది. ఈసారి విలేకరులు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు. మళ్ళీ చెరిసగం.

ఆ తరవాత రెండు ఊళ్ళకూ ఇంకో టైటిల్ రాలేదు. మిషిగన్‌కు ఇరవై ఆరేళ్ళు, వాషింగ్టన్‌కు ముప్ఫై రెండేళ్ళు. ఆ సగం టైటిళ్ళే చెప్పుకుంటూ బతికిన ఆ రెండు జట్లు 2024 జనవరిలో ఎదురుపడ్డాయి. ఆ రాత్రికి అంత బరువు వచ్చింది అందుకే.

పద్ధతి అప్పటికి మారింది. 1998 నుంచి మొదటి రెండు స్థానాల జట్లకు ముఖాముఖి పెట్టడం మొదలైంది. అందువల్లే 2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో ఓటమి లేని టెక్సస్, ఓటమి లేని దక్షిణ కాలిఫోర్నియా కలబడ్డాయి. ఇంకా 19 సెకన్లుందనగా, ఆఖరి అవకాశంలో విన్స్ యంగ్ ఎనిమిది గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. టెక్సస్ 41–38తో గెలిచింది. ఇప్పటికీ చాలామంది చూసిన వాటిలో గొప్ప మ్యాచ్ ఏదంటే దాని పేరే చెబుతారు. 2014 సీజన్ నుంచి నాలుగు జట్లతో సెమీఫైనల్, ఫైనల్ పెట్టారు. ఆ నాలుగింటినీ పదమూడు మంది కమిటీ ఎంపిక చేసేది.

ఇక 2023 సీజన్‌కు వస్తే, వాషింగ్టన్ బండి నడిపినవాడు మైకేల్ పెనిక్స్ జూనియర్. క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతిసారీ బంతి ముందుగా అందుకుని ఎవరికివ్వాలో, ఎవరికి విసరాలో తేల్చేవాడు. ఎడమచేతి వాటం. అంతకుముందు ఇండియానా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళు ఆడాడు. నాలుగేళ్ళూ గాయంతోనే సీజన్ ముగిసింది. మోకాలు, భుజం, మళ్ళీ అదే మోకాలు, మళ్ళీ భుజం. చాలామంది అక్కడితో ఆట మానేస్తారు. అతను 2022లో సియాటిల్ వచ్చాడు. ఇండియానాలో ఒకప్పుడు తనకు శిక్షణ ఇచ్చిన కేలెన్ డిబోర్ అక్కడ హెడ్ కోచ్ అయ్యాడు. రెండేళ్ళలో పెనిక్స్ దేశంలో అందరికంటే ఎక్కువ గజాలు విసిరినవాడయ్యాడు. 2023లో 4,903 గజాలు. హైస్‌మన్ ఓట్లలో రెండో స్థానం వచ్చింది.

వాషింగ్టన్ గెలిచిన తీరు చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. సెమీఫైనల్‌తో కలిపి చివరి పది మ్యాచ్‌లూ పది పాయింట్లకు మించని తేడాతోనే గెలిచింది. అరిజోనా స్టేట్ మీద అయితే దాడి చేసే జట్టుకు ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు. ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలో పట్టుకుని మైదానమంతా పరుగెత్తిన ఒక రక్షకుడి పుణ్యాన 15–7తో బయటపడింది. నవంబరు 25న ఆపిల్ కప్‌లో స్కోరు 21–21. గడియారంలో ఆఖరి సెకన్లు. గ్రేడీ గ్రాస్ అనే కుర్రాడు 42 గజాల నుంచి బంతిని తన్ని కర్రల మధ్య వేశాడు. అప్పటిదాకా అతనికి స్కాలర్‌షిప్ లేదు, ఫీజు సొంతంగా కట్టుకుంటూ ఆడుతున్నాడు. మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో అందరి మధ్యా నిలబడి కోచ్ డిబోర్ ఒక మాట చెప్పాడు. ఇకనుంచి గ్రాస్‌కు స్కాలర్‌షిప్. కుర్రాళ్ళంతా అతని మీద విరుచుకుపడి ఎత్తుకున్నారు. ఫీజు కట్టలేక సతమతమైన ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ దృశ్యం చూస్తే కళ్ళు చెమరుస్తాయి.

మిషిగన్ కథ వేరు. అది పాత సంస్థానం లాంటిది. దాని స్టేడియంలో 1,07,601 మంది పడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చిలకలూరిపేట పట్టణ జనాభా లక్ష పైచిలుకు. ఆ లెక్కన పేట జనమంతా, పసిపిల్లలతో సహా, వెళ్ళి కూర్చున్నా ఇంకా సీట్లు మిగులుతాయి. 2023 నవంబరు 18న మేరీలాండ్ మీద గెలుపుతో మిషిగన్ మొత్తం విజయాలు వెయ్యికి చేరాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ అంకె అందుకున్న మొదటి జట్టు అదే. కోచ్ జిమ్ హార్బా ఆ విశ్వవిద్యాలయంలోనే ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్. అతని తండ్రి కూడా అక్కడ సహాయ కోచ్‌గా పనిచేశాడు.

అయితే ఆ సీజన్‌లో మిషిగన్‌ను నీడలా వెన్నంటిన వివాదం ఒకటుంది, దాన్ని దాటేసి రాయడం సరికాదు. ఈ ఆటలో కోచ్‌లు గట్టు మీద నుంచి చేతి సైగలతో తరవాతి ఎత్తు చెబుతారు. ప్రత్యర్థుల మ్యాచ్‌లకు ముందుగానే మనుషుల్ని పంపి ఆ సైగలను వీడియో తీయించారన్నది మిషిగన్ సిబ్బందిలో ఒకరిపై వచ్చిన ఆరోపణ. మైదానంలో కూర్చుని సైగలు కనిపెట్టడం తప్పు కాదు, ఇలా ముందే మనిషిని పంపి తీయించడం నిబంధనలకు విరుద్ధం. మిషిగన్ ఆడే లీగ్ హార్బాను చివరి మూడు లీగ్ మ్యాచ్‌లకు గట్టు మీదకు రానివ్వలేదు. సీజన్ మొదట్లో వేరే వ్యవహారంలో విశ్వవిద్యాలయమే మూడు మ్యాచ్‌లు ఆపింది. మొత్తం ఆరు మ్యాచ్‌లు కోచ్ లేకుండానే గెలిచారు. 2025 ఆగస్టులో కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ భారీ జరిమానాతో శిక్షలు వేసింది. ఆ టైటిల్‌ను మాత్రం వెనక్కి తీసుకోలేదు. మిషిగన్ గెలుపులో మచ్చ లేదని చెప్పడం ఎంత తప్పో, మచ్చ వల్లే గెలిచిందనడం కూడా అంతే తప్పు. వివాదం బయటపడ్డాక ఆడిన మ్యాచ్‌లలో కూడా అది ఓడలేదు.

హార్బా లేని ఆ చివరి మూడు మ్యాచ్‌ల్లో జట్టును నడిపినవాడు షెరోన్ మూర్. నవంబరు 11న పెన్ స్టేట్ మీద అతను తీసుకున్న నిర్ణయం సాహసమే. రెండో సగమంతా బంతిని విసరడమే మానేసి, పరుగు మీద పరుగు పెట్టించాడు. 24–15తో గెలిచాక టీవీ మైకు ముందు భోరుమన్నాడు. రెండు వారాలకు ఒహాయో స్టేట్ వచ్చింది. అది కూడా అప్పటికి ఓటమి ఎరుగని జట్టే. ఆ మ్యాచ్ మధ్యలో మిషిగన్ ఆటగాడు జాక్ జింటర్ కాలు విరిగింది. బండి మీద బయటికి తీసుకెళ్ళారు, స్టేడియం మొత్తం చల్లబడిపోయింది. ఆ వెంటనే తరవాతి ఎత్తులోనే బ్లేక్ కోరమ్ 22 గజాలు చీల్చుకుపోయి టచ్‌డౌన్ చేశాడు. చేసి, వేళ్ళతో ఆరు, ఐదు చూపించాడు. అరవై ఐదు జింటర్ చొక్కా మీది అంకె. కోరమ్ కూడా అంతకు ఏడాది ముందు మోకాలి దెబ్బతో సీజన్ పోగొట్టుకున్నవాడే. ఆ రోజు స్కోరు 30–24.

సెమీఫైనల్స్ రెండూ 2024 జనవరి 1న జరిగాయి. రోజ్ బౌల్‌లో మిషిగన్ అదనపు సమయంలో అలబామాను 27–20తో, షుగర్ బౌల్‌లో వాషింగ్టన్ టెక్సస్‌ను 37–31తో ఓడించాయి.

ఇక్కడ మూడో జట్టు గురించి చెప్పి తీరాలి. ఫ్లోరిడా స్టేట్ పదమూడుకు పదమూడు గెలిచి, తన పెద్ద లీగ్‌లో ఛాంపియన్ అయింది. అయినా 2023 డిసెంబరు 3న కమిటీ దాన్ని పక్కనపెట్టి, ఒక్కో ఓటమి ఉన్న టెక్సస్‌నూ, అలబామానూ తీసుకుంది. కారణం? ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ నవంబరులో కాలికి దెబ్బ తగిలి సీజన్‌కు దూరమయ్యాడు. అతను లేకుండా ఆ జట్టు మునుపటిలా ఆడలేదని కమిటీ భావించింది. పరీక్షలో అన్ని మార్కులూ వచ్చినవాణ్ణి, రేపు నీకు జ్వరం రావచ్చేమో అని ఇంటికి పంపినట్టుంది ఈ తీర్పు. ఆ తరవాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63–3తో ఓడింది. ఆడాల్సినవాళ్ళలో చాలామంది అప్పటికే తప్పుకున్నారు కాబట్టి, ఆ స్కోరు చూపించి కమిటీ చేసింది సరైనదేననడం కుదరదు. మరుసటి ఏడాది నుంచి పన్నెండు జట్లను తీసుకుంటున్నారు.

సరే, హ్యూస్టన్. వాషింగ్టన్‌కు ఆదిలోనే హంసపాదు. మొదటి ఎత్తులోనే వాళ్ళ ముఖ్యమైన పరుగుగాడు డిల్లన్ జాన్సన్ కాలికి దెబ్బ తగిలింది. ఆ తరవాత ఆడాడు కానీ మునుపటి జోరు లేదు. ఇటు మిషిగన్ తరఫున డోనోవన్ ఎడ్వర్డ్స్ మొదటి పావులోనే రెండుసార్లు గోడ బద్దలుకొట్టాడు. ఒకసారి 41 గజాలు, ఇంకోసారి 46 గజాలు, రెండూ టచ్‌డౌన్లే. 14–3. అంత ఎత్తున్నవాళ్ళు, అంత బరువున్నవాళ్ళు ముందు నిలబడి దారి తీస్తుంటే, వెనక నుంచి అతను వరికోత యంత్రం వెంట మనిషి నడిచినంత సులువుగా దూసుకుపోయాడు.

పెనిక్స్ మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. సగం సమయం ముగిసే ముందు జేలెన్ మెక్‌మిలన్‌కు చిన్న బంతి వేసి టచ్‌డౌన్ సాధించాడు. 17–10. విరామం తరవాత మొదటి ఎత్తులోనే అతను విసిరిన బంతిని మిషిగన్ రక్షకుడు విల్ జాన్సన్ లాక్కున్నాడు. అయినా వాషింగ్టన్ పట్టు వదలలేదు. మూడో పావు ముగిసేసరికి 20–13. ఒక్క టచ్‌డౌన్, దాని పైన ఒక్క తన్ను చాలు, స్కోరు సమం. అలా గంటకు పైగా నడిచింది. పది మ్యాచ్‌లు ఇదే అంచు మీద నడిచి గెలిచిన జట్టు వాషింగ్టన్. కాబట్టి దాని అభిమానులు ఇంకా ఆశ వదులుకోలేదు.

మిషిగన్ రక్షణ మాత్రం ఆ పాత పద్ధతిని సాగనివ్వలేదు. పెనిక్స్ దగ్గరికి ఎప్పుడూ ఎవరో ఒకరు చేరుకున్నారు. అతను కాలు నిలదొక్కుకునేలోపే మీద పడ్డారు. సీజనంతా వందల గజాలు విసిరిన చెయ్యి ఆ రాత్రి 51సార్లు విసిరితే 27 మాత్రమే తనవాళ్ళ చేతికి చేరాయి, రెండు ప్రత్యర్థికి చిక్కాయి. ఆట ముగిసేసరికి అతని నడక చూసినవాళ్ళకు ఒళ్ళు ఎంత నలిగిందో తెలిసింది. నాలుగో పావులో ఏడు నిమిషాలుందనగా కోరమ్ 12 గజాలు పరుగెత్తి 27–13 చేశాడు. తరవాత మైక్ సాన్రిస్టిల్ పెనిక్స్ బంతిని పట్టుకుని 81 గజాలు వెనక్కి తెచ్చాడు. కోరమ్ ఇంకో గజం నెట్టి లోపలపడ్డాడు. 34–13. కోరమ్ ఆ రోజు 134 గజాలు, ఎడ్వర్డ్స్ 104. జట్టు మొత్తం నేల మీద పరుగెత్తింది 303 గజాలు, వాషింగ్టన్ పరుగెత్తింది 46. ఈ రెండు అంకెల్లోనే మ్యాచ్ అంతా ఉంది. విసిరే జట్టు కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది. నెట్టుకుపోయే జట్టు ఆఖరికి బరిలో నిలుస్తుంది.

ఇదంతా చూశాక ఇక్కడివాళ్ళకు తట్టే ప్రశ్న ఒకటే. కాలేజీ పిల్లల ఆటకు ఇంతమంది ఎందుకు? మన దగ్గరా కాలేజీల మధ్య పోటీలున్నాయి. నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో అంతర్ కళాశాలల కబడ్డీ, వాలీబాల్ జరుగుతాయి. అక్కడ నెగ్గినవాళ్ళను కలిపి విశ్వవిద్యాలయం జట్టు కడతారు, వాళ్ళు దక్షిణ మండల పోటీలకు పోతారు. చూసేవాళ్ళు ఆడేవాళ్ళ స్నేహితులు, వ్యాయామ ఉపాధ్యాయులు, అంతే. మనవాళ్ళకు ఆట మీద ప్రేమ లేక కాదు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళు కట్టే ప్రభలు చూడండి. నెలల తరబడి చందాలు వేసుకుని, పక్క ఊరి ప్రభకంటే ఒక్క మూరైనా ఎత్తుండాలని పట్టుబట్టి, లైట్లతో, పాటలతో కొండకు తీసుకుపోతారు. అక్కడ ఊరి పేరు నిలబడాలి. అమెరికా చిన్న ఊళ్ళల్లో, దగ్గర్లో ప్రొఫెషనల్ జట్టు లేని చోట, ఆ ఊరి ప్రభ వాళ్ళ విశ్వవిద్యాలయం జట్టు. చదివి వెళ్ళిపోయినవాడు అరవై ఏళ్ళొచ్చినా ఆ రంగు చొక్కానే వేసుకుని శనివారం టీవీ ముందు కూర్చుంటాడు. మన కాలేజీలకు ఊరి పేరుంది, ఊరు మాత్రం వాటిని తనవని అనుకోలేదు. ఇది మారాలి.

మళ్ళీ అమెరికాకు వస్తే, ఇంత డబ్బు తిరిగే ఆ ఆటలో ఆడేవాళ్ళకు చాలాకాలం స్కాలర్‌షిప్ తప్ప దక్కిందేమీ లేదు. 2021 జూలై నుంచి తమ పేరు, బొమ్మ మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించడం మొదలైంది. ఇది ఆలస్యంగా జరిగిన న్యాయమే. దానితోపాటు ఏటా ఎక్కువ డబ్బిచ్చే చోటికి మారిపోయే పద్ధతీ ఊపందుకుంది.

హ్యూస్టన్ మ్యాచ్ ముగిసిన నెల తిరక్కుండానే హార్బా లాస్ ఏంజెలెస్ ప్రొఫెషనల్ జట్టుకు వెళ్ళిపోయాడు. డిబోర్‌ను వారం తిరక్కుండానే అలబామా తీసుకుపోయింది. ఏప్రిల్ 25న డెట్రాయిట్‌లో, అంటే మిషిగన్ రాష్ట్రంలోనే, ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగింది. అందులో ఎనిమిదో పేరు పెనిక్స్, తొమ్మిదో పేరు అతని బంతులు పట్టిన రోమ్ ఒడూంజే, పదో పేరు హ్యూస్టన్‌లో అవతల నిలబడిన మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ. 2024 సీజన్ నుంచి వాషింగ్టన్ కూడా మిషిగన్ లీగ్‌లోకే వచ్చింది. అక్టోబరు 5న సియాటిల్ సరస్సు ఒడ్డున రెండు జట్లూ మళ్ళీ ఎదురుపడ్డాయి. కోచ్‌లు కొత్తవాళ్ళు, క్వార్టర్‌బ్యాక్‌లు కొత్తవాళ్ళు. ఆ రోజు వాషింగ్టన్ 27–17తో గెలిచింది.